రెండు అంకెలు, ఒక తేదీ: జంట నక్షత్రాలను ఎలా కొలుస్తారు?

నక్షత్రం ఎంత వేడిగా ఉందో దాని రంగును బట్టి తెలుస్తుంది. అందులో ఏ మూలకాలున్నాయో వర్ణపటం చెబుతుంది. బరువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒంటరి నక్షత్రం నోరు విప్పదు. ద్రవ్యరాశి తెలియాలంటే దాని ఆకర్షణకు లోబడి ఇంకొకటేదో కదలాలి, ఆ కదలికను మనం కొలవాలి. సూర్యుడి విషయంలో ఆ పని గ్రహాలు చేసిపెట్టాయి. దూరపు నక్షత్రాలకైతే పక్కనే తిరిగే మరో నక్షత్రమే దిక్కు. పాఠ్యపుస్తకాల్లో ‘ఈ నక్షత్రం సూర్యుడికి ఇన్ని రెట్లు’ అని కనిపించే లెక్కల మూలాలు వెతుక్కుంటూ పోతే దాదాపు అన్నీ జంట నక్షత్రాల దగ్గరే తేలతాయి.

జంటల్లో కొన్ని వర్ణపటంలో తప్ప దొరకవు. కొన్ని ఒకదాన్నొకటి మరుగుపరుచుకుని వెలుగు తగ్గినప్పుడు బయటపడతాయి. ఇక్కడ మాట్లాడుకునేది టెలిస్కోపులో రెండు చుక్కలుగా విడిపోయి కనిపించే వాటి గురించి. చూడ్డానికి తేలిక రకం ఇదే. కొలవడానికి మాత్రం ఇంత ఓపిక పరీక్షించేది ఖగోళశాస్త్రంలో ఇంకోటి ఉందని నేననుకోను.

కొలిచేవి రెండే. మొదటిది ఎడం, అంటే రెండు చుక్కల మధ్య కోణీయ దూరం. రెండోది స్థానకోణం, అంటే ప్రధాన తార నుంచి చూస్తే తోడు తార ఏ దిక్కున ఉందన్నది. ఉత్తరాన్ని సున్నా డిగ్రీలుగా తీసుకుని తూర్పు వైపుగా తిరుగుతూ లెక్కపెడతారు. తూర్పు 90, దక్షిణం 180, పడమర 270. సప్తర్షి మండలంలోని వశిష్ఠ నక్షత్రం చిన్న టెలిస్కోపులోనే రెండుగా కనిపిస్తుంది. దాని ఎడం 14 ఆర్క్ సెకన్లు, స్థానకోణం సుమారు 153 డిగ్రీలు. అంటే తోడు తార దక్షిణానికి కాస్త తూర్పుగా ఉందన్నమాట. (పక్కన కంటికే కనిపించే అరుంధతి వేరు, అది ఇంతకు దాదాపు 50 రెట్లు దూరంలో ఉంటుంది.)

డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను. నిండు చంద్రుడి వెడల్పు ఇంచుమించు 1,800 ఆర్క్ సెకన్లు. ఒక ఆర్క్ సెకనంటే, ఒక సెంటీమీటరు వెడల్పున్న గింజను రెండు కిలోమీటర్ల అవతలి నుంచి చూస్తే ఎంత కనిపిస్తుందో అంత. జంట నక్షత్రాల కొలతల్లో దీన్ని కూడా పదో వంతులు, నూరో వంతులుగా చీల్చాలి.

దిక్కుల దగ్గర కొత్తవాళ్లు తప్పక తికమక పడతారు. ఆకాశ పటంలో ఉత్తరం పైన పెడితే తూర్పు ఎడమచేతి వైపు వస్తుంది, నేల మీద మ్యాపుకు సరిగ్గా తిరగబడి. దానికి తోడు టెలిస్కోపు బొమ్మను తలకిందులు చేస్తుంది, మధ్యలో అద్దం ఉంటే కుడి ఎడమలు కూడా మారిపోతాయి. దీనికి పాత చిట్కా ఒకటుంది. టెలిస్కోపును తిప్పే మోటారు ఆపేయడమే. భూమి తిరుగుతుంది కాబట్టి నక్షత్రం ఒక వైపుకు జారిపోతుంది. అది ఏ అంచు నుంచి బయటికి పోతే అదే పడమర. ఎన్ని అద్దాలున్నా ఇందులో తేడా రాదు.

ఈ రెండింటి పక్కన తేదీ ఉంటుంది. 2024.35 అన్నట్టు సంవత్సరాన్ని దశాంశంలో రాస్తారు. తేదీ లేని కొలత ఎందుకూ కొరగాదు. అవి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి కాబట్టి రెండు అంకెలూ మారుతూనే ఉంటాయి. నిజానికి మనకు కావలసింది ఆ మార్పే.

వెతికింది ఒకటి, దొరికింది ఒకటి

18వ శతాబ్దపు ఖగోళశాస్త్రవేత్త విలియం హెర్షెల్ జంటల జోలికి వెళ్లింది బరువుల కోసం కాదు, దూరాల కోసం. ప్రకాశవంతమైన నక్షత్రం దగ్గరగా, దాని పక్కనే కనిపించే మసక నక్షత్రం ఎక్కడో వెనక ఉన్నాయనుకుందాం. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే కొద్దీ దగ్గరి నక్షత్రం వెనకదాన్ని ఆనవాలుగా పెట్టుకుని చూస్తే ఏడాదికోసారి అటూ ఇటూ ఊగాలి. ఆ ఊగే కోణమే పారలాక్స్, దాన్నుంచి దూరం తేలుతుంది. ఈ ఆలోచన గెలీలియో కాలం నుంచి ఉంది. దానికోసం హెర్షెల్ వందల జంటలు పోగేసి 1782లో ఒక జాబితా, 1785లో మరొకటి అచ్చువేశాడు.

అప్పటికే, 1767లో, జాన్ మిచెల్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త కాగితం మీద ఒక లెక్క వేసి చూపించాడు. నక్షత్రాలు ఆకాశంలో ఎలా పడితే అలా చల్లినట్టుంటే ఇంత దగ్గరగా ఇన్ని జంటలు కనిపించే అవకాశం లేదు, వీటిలో చాలావరకు నిజంగానే పక్కపక్కన ఉండి ఉండాలి అన్నాడు. ఖగోళశాస్త్రంలో సంభావ్యతను ఇంత చక్కగా వాడిన మొదటి సందర్భాల్లో ఇదొకటి. ఎందుకో ఆయన పేరు ఈ కథలో వినిపించాల్సినంతగా వినిపించదు.

హెర్షెల్ ఇరవై ఏళ్ల తర్వాత పాత జంటలనే మళ్లీ కొలిచాడు. ఏడాదికోసారి ఊగడం కనిపించలేదు. కొన్ని జంటల్లో స్థానకోణం ఏటికేడు ఒకే వైపుగా మారుతూ పోయింది. పునర్వసు నక్షత్రాల్లో ఒకటైన కాస్టర్ అందులో ముఖ్యమైనది. అవి ఒకదాన్నొకటి చుట్టి తిరుగుతున్నాయని 1802, 1803 పత్రాల్లో రాశాడు. న్యూటన్ సూత్రం సౌరకుటుంబం దాటి కూడా పనిచేస్తుందనడానికి అదే తొలి సాక్ష్యం. 1827లో ఫెలిక్స్ సవారీ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త క్సై ఉర్సే మేజోరిస్ అనే జంటకు మొదటిసారిగా పూర్తి కక్ష్య లెక్కగట్టాడు. సుమారు 60 ఏళ్లకు ఒక చుట్టు.

హెర్షెల్ కన్నా వందేళ్ల ముందే జంటలు కనబడ్డాయి గానీ ఎవరూ పట్టించుకోలేదు. 1689లో పుదుచ్చేరి నుంచి ఒక తోకచుక్కను గమనిస్తున్న జెసూట్ మతగురువు జాఁ రిషో, ఆల్ఫా సెంటారీ నిజానికి రెండు నక్షత్రాలని చూశాడు. మన సూర్యుడికి అతి దగ్గరి పొరుగు అదే. నేటి జంట నక్షత్రాల జాబితాలో ఆ జంటకు ఇప్పటికీ రిషో పేరుతోనే మొదటి నంబరు ఉంది.

దారాలతో కొలత

19వ శతాబ్దమంతా, 20వ శతాబ్దంలో చాలాకాలం ఈ పనికి వాడిన పరికరం దారాల మైక్రోమీటరు. టెలిస్కోపు చివర ఐపీస్, అంటే కన్ను పెట్టి చూసే కటకం, ఉండేచోట బిగించే చిన్న ఇత్తడి పెట్టె అది. లోపల రెండు సమాంతర దారాలు. ఒకటి కదలదు, రెండోది సన్నటి మరల స్క్రూతో జరుగుతుంది. దారాలంటే నిజంగానే సాలీడు దారాలు. అంత సన్నగా, అంత సమంగా, సాగినా తెగకుండా ఉండేది ఇంకేదీ దొరకలేదు మరి. పెట్టె మొత్తాన్ని గుండ్రంగా తిప్పొచ్చు, ఎంత తిరిగిందో చెప్పే డిగ్రీల చక్రం ఉంటుంది. స్క్రూ తలకు నూరు గీతలున్న డ్రమ్ము.

కొలత ఇలా సాగుతుంది. ముందు దారం రెండు నక్షత్రాల గుండా పోయేట్టు పెట్టెను తిప్పి, చక్రం మీద అంకె రాసుకుంటారు. మళ్లీ కదిపేసి ఈసారి రెండో వైపు నుంచి తెచ్చి ఆపుతారు. ఇలా నాలుగైదు సార్లు. తర్వాత పెట్టెను 90 డిగ్రీలు తిప్పి, కదలని దారం ఒక నక్షత్రం మీద, కదిలే దారం రెండోదాని మీద ఉండేలా స్క్రూ తిప్పుతారు. ఇక్కడ ఒక చిక్కు. రెండు దారాలూ కలిసినప్పుడు డ్రమ్ము మీద అంకె సరిగ్గా ఎంతో తెలియాలి, అది చలికీ వేడికీ మారుతుంటుంది. అందుకని కదిలే దారాన్ని అవతలి వైపుకు దాటించి, నక్షత్రాలను మార్చి మళ్లీ కొలుస్తారు. స్క్రూ ఒక చుట్టుకు 10 ఆర్క్ సెకన్లు అనుకుందాం. ఒక వైపు 23.412 చుట్లు, రెండో వైపు 23.132 వచ్చింది. తేడా 0.280 చుట్లు, అది ఎడానికి రెండింతలు. సగం చేస్తే 0.140, అంటే 1.4 ఆర్క్ సెకన్లు. సున్నా ఎక్కడున్నా లెక్కలోంచి దానంతటదే పోయింది. తప్పును వెతికి దిద్దే బదులు అది రెండు వైపులా సమానంగా పడేట్టు చేసి కొట్టేయడమన్నమాట. ఈ కొలతల్లో మంచి పద్ధతులన్నిటిలో ఈ ఉపాయమే ఏదో రూపంలో కనిపిస్తుంది.

విల్‌హెల్మ్ స్ట్రూవే 1824లో వచ్చిన 24 సెంటీమీటర్ల ఫ్రౌన్‌హోఫర్ టెలిస్కోపుతో డార్పట్‌లో, అంటే ఇప్పటి ఎస్టోనియాలోని టార్టులో, సుమారు 1,20,000 నక్షత్రాలను పరిశీలించి 3,112 జంటలతో 1827లో జాబితా వేశాడు. తర్వాత పదేళ్లూ వాటిని కొలుస్తూ కూర్చున్నాడు. చికాగోలో ఎస్.డబ్ల్యు. బర్నమ్ పగలు కోర్టులో రిపోర్టరు, రాత్రి ఆరంగుళాల టెలిస్కోపు ముందు. అప్పటికి పెద్ద పెద్ద టెలిస్కోపులు చూసేసిన ఆకాశంలోనే వందల కొత్త జంటలు పట్టాడు. జీవితకాలంలో 1,300 పైచిలుకు. ఈ రంగంలో పరికరం ఎంత పెద్దదన్నదే సర్వస్వం కాదనడానికి ఆయన్నే అందరూ చూపిస్తారు, న్యాయమే.

మోసం చేసేవి

మొదటి అడ్డంకి కాంతే. టెలిస్కోపులో నక్షత్రం బిందువులా కనపడదు, చిన్న బిళ్లలా కనబడుతుంది. అద్దం వెడల్పు పెరిగితే బిళ్ల చిన్నదవుతుంది. 19వ శతాబ్దంలో డాస్ అనే పరిశీలకుడు అనుభవంతో ఒక సూత్రం చెప్పాడు: 116ను అద్దం వ్యాసం మిల్లీమీటర్లతో భాగిస్తే విడదీయగల కనీస ఎడం ఆర్క్ సెకన్లలో వస్తుంది. 100 మిల్లీమీటర్ల టెలిస్కోపుకు 1.16, 200 దానికి 0.58. రెండూ ఇంచుమించు సమానంగా వెలిగే జంటకే ఈ లెక్క వర్తిస్తుంది.

ఒకటి బాగా ప్రకాశవంతమైతే కథ వేరు. సిరియస్, అంటే మన లుబ్ధకుడు, ఆకాశంలో సూటిగా కాకుండా అలలా వంకర్లు పోతూ కదులుతోందని జర్మన్ ఖగోళశాస్త్రవేత్త బెస్సెల్ గమనించి, కనపడని తోడు ఏదో దాన్ని లాగుతోందని 1844లో చెప్పాడు. 1862 జనవరి 31న ఆల్వన్ గ్రాహం క్లార్క్ 18.5 అంగుళాల కొత్త కటకాన్ని పరీక్షిస్తూ ఆ తోడును చూశాడు. ఎడం పది ఆర్క్ సెకన్ల దాకా ఉంది, చిన్న టెలిస్కోపుకైనా చాలినంత. కానీ సిరియస్ దానికన్నా దాదాపు పదివేల రెట్లు ఎక్కువ వెలుగుతుంది. ఆ కాంతిలో అది మునిగిపోతుంది.

రెండో అడ్డంకి గాలి. మన తల మీది గాలి పొరలు నక్షత్రపు బిళ్లను కదిపి, ఉబ్బించి, ముక్కలు చేస్తాయి. పరిశీలకులు దీన్ని సీయింగ్ అంటారు. మామూలు రాత్రి ఆర్క్ సెకను నుంచి రెండు దాకా మసక ఉంటుంది, ఎంత పెద్ద టెలిస్కోపైనా సరే. సీయింగ్ బాగోలేని రాత్రి కొలతకు కూర్చుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. అనుభవజ్ఞులు ఆ రాత్రి ఎడమెక్కువున్న జంటలకు మళ్లుతారు.

మూడోది మనిషి కన్ను. రెండు కళ్లను కలిపే గీతకు సమాంతరంగానో లంబంగానో ఉన్న జంటను ఒకలా, ఏటవాలుగా ఉన్నదాన్ని ఇంకోలా కొలుస్తాం, మనకు తెలియకుండానే. స్ట్రూవే కొడుకు ఒట్టో స్ట్రూవే తన కంటి పక్షపాతం ఎంతో తేల్చడానికి కృత్రిమ జంటలు ఏర్పాటు చేసుకుని, అసలు విలువ తెలిసిన వాటినే కొలిచి తేడాలు పట్టిక వేశాడు. ఎన్ని రాత్రులు సగటు తీసినా ఈ రకం తప్పు తగ్గదు. చెల్లాచెదురుగా పడే తప్పులను సగటు మింగేస్తుంది, ఒకే వైపుకు లాగే తప్పును అలాగే ఉంచుతుంది.

కోణాన్నీ ఎడాన్నీ ఒకే గాటన కట్టకూడదు. ఎడం ఒక ఆర్క్ సెకను ఉన్నప్పుడు కోణంలో ఒక డిగ్రీ పొరపాటు పడితే తోడు తార స్థానంలో వచ్చే తప్పు 0.017 ఆర్క్ సెకన్లే. ఎడం 60 ఉంటే అదే డిగ్రీ పొరపాటు ఒక ఆర్క్ సెకను దాటుతుంది. అందుకే దగ్గరి జంటల్లో కోణం బంగారం, ఎడం అనుమానం. దూరపు జంటల్లో కోణం మీద ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఉత్తర దిక్కు కూడా స్థిరం కాదు. భూమి అక్షం మెల్లగా తిరుగుతుండటంతో ధ్రువం జరుగుతుంది, నక్షత్రాలు కదలకపోయినా స్థానకోణం మారుతుంది. ధ్రువానికి కొంత దగ్గరున్న జంటలకు 200 ఏళ్లలో ఇది రెండు డిగ్రీలు కూడా కావచ్చు. పాత కొలతలను వాడేముందు దీన్ని సరిచేసుకోకపోతే లేని కదలిక కనిపిస్తుంది.

చుక్కల నుంచి కక్ష్యకు

ఏళ్ల తరబడి కొలిచిన స్థానాలను కాగితం మీద పెడితే దీర్ఘవృత్తం ఆకారం బయటపడుతుంది. అయితే అది అసలు కక్ష్య కాదు. అసలు కక్ష్య మనవైపు వాలి ఉంటుంది, మనకు కనపడేది ఆకాశపు తెర మీద పడిన దాని నీడ. దీర్ఘవృత్తం నీడ కూడా దీర్ఘవృత్తమే, కానీ ప్రధాన తార దాని నాభి దగ్గర కాకుండా ఎక్కడో పక్కకు పడుతుంది. ఆ పక్కకు పడటమే మనకు ఉపకారం. ఎంత పక్కకు పడిందో చూసి కక్ష్య ఎంత వాలిందో, ఏ వైపు వాలిందో వెనక్కి లెక్కగట్టొచ్చు. ఒక్కటి మాత్రం తేలదు: తోడు తార మనవైపుకు వస్తూ ఉందా, అవతలికి పోతూ ఉందా అన్నది. దానికి వర్ణపటం సాయం కావాలి.

నీడలో కూడా చెడని నియమం ఒకటుంది. ప్రధాన తార నుంచి తోడు తారకు గీసిన గీత సమాన కాలాల్లో సమాన వైశాల్యాలు ఊడుస్తుంది. అంటే ఎడం వర్గాన్ని కోణం మారే వేగంతో గుణిస్తే ఎప్పుడూ ఒకే విలువ రావాలి. కన్యారాశిలోని పొరిమా అనే జంటతో ఇది కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. దాని చుట్టు 169 ఏళ్లు, కక్ష్య బాగా సాగదీసినట్టుంటుంది. 2005లో రెండూ దాదాపు 0.4 ఆర్క్ సెకన్ల దగ్గరికి వచ్చినప్పుడు కోణం ఏడాదికి 70 డిగ్రీలు దాటి తిరిగింది. ఎడం మూడు ఆర్క్ సెకన్లు దాటాక అదే జంట ఏడాదికి ఒక డిగ్రీ చిల్లర మాత్రమే కదులుతోంది. కోణాలను నమ్మి, వాటి వేగాన్నుంచే ఎడాలను రాబట్టే గ్రాఫు పద్ధతిని హెర్షెల్ కొడుకు జాన్ హెర్షెల్ 1830లలో వాడాడు. ఎడాల మీద ఆయనకు అంత నమ్మకం లేదు మరి.

పొరిమా అంతకుముందు అలా దగ్గరకొచ్చింది 1836లో. అప్పుడు చాలామంది పరిశీలకులకు అది ఒంటి నక్షత్రంలా కనిపించింది. ఆ కొద్ది ఏళ్లలో ఎవరూ కొలవకపోయి ఉంటే, కక్ష్యలో అతి విలువైన మలుపు కోసం 2005 దాకా ఆగాల్సి వచ్చేది. నా దృష్టిలో ఈ రంగం మొత్తానికి కీలకం ఇక్కడే ఉంది. మంచి పరికరం వస్తే రేపటి కొలత మెరుగవుతుంది. నిన్నటి కొలత మాత్రం ఎంత ఖర్చుపెట్టినా మళ్లీ దొరకదు. 1830 నాటి సాలీడు దారం కొలతకు నేటి ఉపగ్రహం కొలతతో సమానంగా కక్ష్య లెక్కల్లో చోటుండేది అందుకే. కచ్చితత్వంలో వెనకపడ్డా కాలంలో అది ముందుంది.

చుట్టు పూర్తికాని చోట అసలు ఇబ్బంది. చిన్న వంపు చేతిలో ఉంటే దానిగుండా పోయే దీర్ఘవృత్తాలు లెక్కలేనన్ని గీయొచ్చు. కాస్టర్‌ను చూడండి. హెర్షెల్ తేల్చి రెండువందల ఏళ్లు దాటినా ఇంకా ఒక చుట్టు పూర్తికాలేదు. 20వ శతాబ్దంలో అచ్చయిన లెక్కల్లోనే దాని చుట్టు 420 ఏళ్లని ఒకరు, 500 దాటుతుందని మరొకరు. ఇప్పుడు 460 ఏళ్ల దగ్గర స్థిరపడుతున్నారు. కక్ష్యల జాబితాలో ప్రతిదానికీ ఒకటి నుంచి ఐదు దాకా గ్రేడు వేస్తారు. ఒకటి అంటే తిరుగులేనిది, ఐదు అంటే ఇంకా తేలనిది. దాదాపు లక్షన్నర జంటలున్న వాషింగ్టన్ జాబితాలో కక్ష్య లెక్కగట్టినవి రెండు శాతం చుట్టుపక్కలే.

బరువు ఎలా వస్తుంది

ఇంత శ్రమా దీనికే. సిరియస్ జంట కక్ష్య సగం పొడవు 7.5 ఆర్క్ సెకన్లు, పారలాక్స్ 0.379. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 19.8 వస్తుంది, అంటే భూమి సూర్యుల దూరానికి 19.8 రెట్లు. దాని ఘనం సుమారు 7,760. చుట్టు 50.1 ఏళ్లు, దాని వర్గం 2,510. కెప్లర్, న్యూటన్ నియమాల ప్రకారం ఆ ఘనాన్ని ఈ వర్గంతో భాగిస్తే బరువు వస్తుంది: 3.09. ఆ రెండు నక్షత్రాల బరువు కలిపి మూడు సూర్యుళ్లు. ఇదే తీరుగా ఆల్ఫా సెంటారీకి 17.5 ఆర్క్ సెకన్లు, 0.75 పారలాక్స్, 79.9 ఏళ్లు వేసి చూడండి, రెండు సూర్యుళ్లు వస్తుంది.

ఇది మొత్తం బరువే. దాన్ని పంచాలంటే ఒక్కో నక్షత్రం వెనకున్న తారలను బట్టి విడిగా ఎంత ఊగుతోందో తెలియాలి. బెస్సెల్ చూసిన ఆ వంకరే పనికొచ్చింది. సిరియస్‌కు రెండు సూర్యుళ్లు, తోడుకు ఒకటి. ఆ తోడు ఇంచుమించు భూమి అంతే ఉంటుంది. సూర్యుడంత బరువు భూమంత బంతిలో ఉందన్న మాటను 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో చాలామంది నమ్మలేకపోయారు. కానీ కొలత కళ్లముందుంది.

లెక్కలో ఘనం ఉందని మరవొద్దు. కక్ష్య పొడవులో రెండు శాతం తప్పు బరువులో ఆరు శాతమవుతుంది. పారలాక్స్‌లో తప్పు కూడా అలాగే మూడింతలవుతుంది.

తప్పును దాటి ముందుకు పోవాలన్న తొందర వల్ల వచ్చిన పాత గొడవ ఒకటి చెప్పాలి. మద్రాసు అబ్జర్వేటరీకి అధిపతిగా ఉన్న డబ్ల్యు.ఎస్. జాకబ్ 1855లో, సర్పధారి మండలంలోని 70 ఒఫియూకీ అనే జంట లెక్కించిన కక్ష్యకు సరిగ్గా సరిపోకుండా తప్పుకుంటోందని, కనపడని మూడో వస్తువు, బహుశా గ్రహం, దాన్ని లాగుతుండవచ్చని రాశాడు. నక్షత్రం చుట్టూ గ్రహం ఉందని కొలతల ఆధారంతో చెప్పిన తొలి వాదనల్లో ఇదొకటి. 1890లలో మరొకరు అదే జంట మీద అదే వాదన లేపారు. రెండూ నిలబడలేదు. ఆ తేడాలు కొలతల తప్పుల స్థాయిలోనే ఉన్నాయి. మిగిలిపోయిన తేడాలో క్రమం కనిపించగానే అది ఆకాశంలో ఉందా, కంట్లో ఉందా, పరికరంలో ఉందా అని మూడు చోట్లా అడగాలి. జాకబ్ పద్ధతి మంచిదే. అదే ఆలోచనతో బెస్సెల్ సిరియస్ తోడును పట్టాడు. ఊగే మేర పెద్దది కావడం బెస్సెల్ అదృష్టం.

గాలిని దాటే దారులు

1970లో ఆంట్వాన్ లబేరీ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త గాలి మసక మీద తెలివైన దెబ్బ కొట్టాడు. సెకనులో నూరో వంతు పాటు ఫొటో తీస్తే గాలి కదలిక అక్కడికక్కడే ఆగిపోతుంది. అప్పుడు నక్షత్రం మసకగా కాక గింజలు చల్లినట్టు చిన్నచిన్న మచ్చలుగా కనపడుతుంది. జంట అయితే ప్రతి మచ్చకూ పక్కన అంతే దూరంలో, అదే దిక్కున మరో మచ్చ ఉంటుంది. వేల ఫొటోలు కలిపి ఆ జతలు వెతికితే టెలిస్కోపు అద్దం అనుమతించే చివరి అంచుదాకా ఎడం కొలవొచ్చు. పేరు స్పెకిల్ ఇంటర్‌ఫెరోమెట్రీ. హెరాల్డ్ మెక్‌అలిస్టర్ వంటివాళ్లు దీంతో కన్నుకు అందని వందల జంటలను కొలిచారు. చిన్న లోపం ఒకటుంది. మామూలు లెక్కలో జత తెలుస్తుంది గానీ ఏది ప్రధానమో తెలియదు, కాబట్టి స్థానకోణం 40 డిగ్రీలా 220 డిగ్రీలా అన్న సందిగ్ధం ఉంటుంది. పాత మైక్రోమీటరు కొలత ఒక్కటి ఉంటే చాలు, అది తీరిపోతుంది.

2013 చివర్లో వెళ్లి 2025 ఆరంభం వరకు పరిశీలనలు సాగించిన ఐరోపా ఉపగ్రహం గయా గాలికి అతీతం. దూరపు జంటల్లో దాని కచ్చితత్వానికి నేల మీద పోటీ లేదు. పారలాక్స్ ఇంత బాగా దొరకడంతో పాత కక్ష్యల నుంచి వచ్చే బరువులు ఒక్కసారిగా మెరుగయ్యాయి. అయితే అది సర్వం చూడలేదు. మరీ ప్రకాశవంతమైన నక్షత్రాలు దాని కళ్లు చెదిరేలా చేస్తాయి, అర ఆర్క్ సెకనుకు దగ్గరగా వచ్చే జంటల్లో చాలావాటిని ఇప్పటిదాకా విడుదలైన కొలతల విడతల్లో విడదీయలేకపోయింది. పైగా వందల ఏళ్ల చుట్టులో అది చూసింది పదేళ్ల ముక్క.

చిన్న టెలిస్కోపుతో ఏం చేయొచ్చు

గీతలున్న కొలత ఐపీస్ పాత దారి. అందులో గాజు మీద 0.1 మిల్లీమీటరు దూరంలో గీతలు చెక్కి ఉంటాయి, చుట్టూ డిగ్రీల వలయం. టెలిస్కోపు నాభ్యంతరం 2,000 మిల్లీమీటర్లు అయితే ఒక్కో గీతకు 10.3 ఆర్క్ సెకన్లు. ఈ విలువను పుస్తకం చూసి తీసుకోకూడదు, ఆకాశంతోనే సరిచూసుకోవాలి. మోటారు ఆపి, ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకు) ఉత్తరాన 60 డిగ్రీల దగ్గరున్న నక్షత్రాన్ని గీతల వెంట జారనిచ్చి టైము చూడాలి. ఆ మధ్యరేఖ మీద నక్షత్రం సెకనుకు 15.04 ఆర్క్ సెకన్లు జారుతుంది, 60 డిగ్రీల దగ్గర అందులో సగం, 7.52. యాభై గీతలు, అంటే 515 ఆర్క్ సెకన్లు, దాటడానికి 68.5 సెకన్లు పట్టాలి. స్టాప్‌వాచ్‌లో వేరే అంకె వస్తే గీత విలువే మారాలి. పదిసార్లు చేసి సగటు తీస్తే అర శాతం లోపుకు వస్తుంది. పది ఆర్క్ సెకన్ల జంట ఒక్క గీత మధ్యలో ఇరుక్కుంటుంది కాబట్టి ఇది దూరపు జంటలకే సరి.

కెమెరా వచ్చాక ఆట మారింది. అదే టెలిస్కోపు వెనక 3.75 మైక్రాన్ల పిక్సెళ్లున్న చిన్న కెమెరా పెడితే పిక్సెల్‌కు 0.39 ఆర్క్ సెకన్లు. పది ఆర్క్ సెకన్ల జంట 26 పిక్సెళ్లు, ఒక్కో నక్షత్రం మధ్యబిందువును పిక్సెల్‌లో పదో వంతు దాకా తేల్చొచ్చు. వందల చిన్న ఫ్రేములు తీసి గాలి కుదురుగా ఉన్న క్షణాలవి మాత్రం ఏరుకుంటారు. దిక్కుకు మళ్లీ పాత చిట్కానే: మోటారు ఆపి నక్షత్రాన్ని ఫ్రేము అడ్డంగా పోనిస్తే ఆ గీతే తూర్పు పడమరలు.

ఇలాంటి కొలతలతో తేలాల్సిన పెద్ద ప్రశ్న ఒకటుంది. ఫలానా జంట నిజంగా జంటేనా, లేక ఒకే వరుసలో కనపడే రెండు అపరిచిత నక్షత్రాలా? సూటి గీతలో సమవేగంతో కదిలితే అపరిచితులే. వంపు కనిపిస్తే బంధం ఉన్నట్టు. ఎన్నో జంటలకు ఈ తీర్పు రాలేదు. ఉత్తరాకాశంలో అందరూ చూపించే ఆల్బిరియో, బంగారు రంగు ఒకటి, నీలం ఒకటి, ఎడం 34 ఆర్క్ సెకన్ల పైచిలుకు, అందులో చేరుతుంది. రెండువందల ఏళ్ల కొలతల్లో కోణం దాదాపు మారలేదు, ఎడమూ మారలేదు. కలిసి వెళ్తున్నట్టే అనిపిస్తుంది. గయా కొలతలు చూస్తే వాటి కదలికలు వేరువేరుగా ఉన్నాయి. కానీ ఆ బంగారు నక్షత్రమే మళ్లీ ఒక జంట. 1976లో మెక్‌అలిస్టర్ స్పెకిల్‌తో దాన్ని అర ఆర్క్ సెకను కన్నా తక్కువ ఎడంలో విడదీశాడు. తన సొంత తోడు లాగుతున్నందున అది ఊగుతుంటుంది, ఆ ఊగడం గయా చూసిన కదలికలో కలిసిపోయింది. ముందు ఆ లోపలి కక్ష్య తేలాలి, అప్పుడు ఊగడాన్ని తీసేసి మిగిలినదాన్ని నీలం నక్షత్రం కదలికతో పోల్చాలి. లోపలి జంట చుట్టుకు పట్టే కాలం మీద ఇప్పటికే అచ్చయిన లెక్కలు ఒకదానికొకటి దశాబ్దాల తేడాతో ఉన్నాయి. గయా నాలుగో విడత ఐదున్నరేళ్ల పరిశీలనలతో వస్తుంది. అంత పొడవైన చుట్టులో అదీ చిన్న ముక్కే కాబట్టి 1976 నుంచి పోగైన స్పెకిల్ కొలతలతో కలిపే లెక్క వేయాలి.